ఎడమ చేయి అక్కడెందుకుంది?

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ కాచిగూడలోని మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "మేడం, పని గురించి నాలుగు మాటలు చెప్పండి" అంటారు. నేను ముందు వాళ్ల ఐడీ కార్డు చూపించమంటాను. తమాషాకు అంటున్నాననుకుని నవ్వుతారు. నేను నవ్వను. కార్డు చూశాకే లోపలికి రానిస్తాను.

ఈ గుణం పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగం ఇచ్చింది. మా అత్తగారు బతికున్నన్నాళ్లూ ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ ఒకటే చెప్పేది: "మా కోడలు పాలల్ల నీళ్లు కలిపినవా అని అడుగది. ఎవల ముందట పిండినవు, సాక్షి ఎవలు అని అడుగుతది." ఆమె మాటల్లో అతిశయోక్తి పెద్దగా లేదు.

నేను కార్మిక శాఖలో గుమాస్తాగా చేరి సహాయ కార్మిక అధికారిగా రిటైరయ్యాను. మధ్యలో ఏ మెట్టు ఎప్పుడు ఎక్కానో మీకు అక్కర్లేదు. నా సర్వీసులో ఎక్కువ భాగం నాంపల్లిలో, పనిలో దెబ్బ తగిలినవాళ్ల పరిహారం కేసులు వినే ఆఫీసులో గడిచింది. పనిచేస్తూ గాయపడిన మనిషికి యజమాని పరిహారం ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ మనిషి మా దగ్గరకొస్తాడు. మా కమిషనర్ జడ్జిలాగా కూర్చుని ఇద్దరినీ విని తేలుస్తారు. పుస్తకంలో ఇంతే ఉంటుంది. అసలు పని వేరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అబద్ధాలు వినాలి. ఏది భయంతో చెప్పిందో, ఏది ఆశతో చెప్పిందో విడదీయాలి.

గేటు దగ్గరే సగం కేసు

మీరు సీట్లో కూర్చోకముందే గేటు దగ్గర ఒకసారి నిలబడండి. ఎవరు ఎవరి వెంట వచ్చారో చూడండి. కట్టు కట్టుకున్న మనిషి వెంట భార్యో తమ్ముడో ఉంటే సరే. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఎవడో భుజం మీద చేయి వేసి, చాయ్ తాగించి, పేషెంటును మాట్లాడనివ్వకుండా తీసుకొస్తుంటే జాగ్రత్త పడండి. రైలు దిగి నేరుగా వచ్చే పల్లెటూరి వాళ్ల కోసం ఇలాంటివాళ్లు స్టేషన్ వైపు నుంచే కాచుకుని ఉంటారు. వచ్చే పరిహారంలో తన వాటా ఎంతో వాడు ముందే తేల్చుకుని ఉంటాడు.

ఇంకొకటి. యజమాని "వీడెవడో నాకు తెలియదు" అని అరిస్తే భయపడకండి. అందరూ అలాగే అంటారు. భయపడాల్సింది తలవంచుకుని "ఔ సార్, మావోడే, పాపం నా లారీ మీదనే పనిచేసిండు" అనే యజమాని వచ్చినప్పుడు. యజమానికి ఇన్సూరెన్సు ఉంటే పరిహారం కట్టేది కంపెనీ. తన జేబులోంచి పైసా పోదు కాబట్టి ఎవడినైనా మావాడే అంటాడు.

నా మొదటి బాసు, అప్పటి కమిషనర్, ఇలాంటివాళ్లను పట్టడంలో దిట్ట. ఒకసారి కాలు విరిగిన ఒకాయన వచ్చి తాను లారీ క్లీనర్‌నన్నాడు. యజమాని ఔనన్నాడు. మా సారు కళ్లజోడు తీసి, "లారీ రివర్స్ తీస్తున్నప్పుడు డ్రైవర్‌కు నువ్వు ఎట్ల చెప్తవో జర చెప్పి చూపియ్యి" అన్నారు.

ఆయన కాసేపు ఆలోచించి, "మెల్లగ ఎన్కకు రాండ్రి సార్ అని చెప్త" అన్నాడు.

ఆఫీసంతా నవ్వింది. ఈ ఊళ్లో ఏ క్లీనరైనా లారీ పక్క మీద అరచేత్తో దబదబా బాదుతూ "ఆనేదో, ఆనేదో" అని, అంటే రానీ రానీ అని, అరుస్తాడు. డ్రైవర్‌ను సార్ అనేవాణ్ని నేనింతవరకు చూడలేదు. ఆ మనిషి ఇంట్లో సున్నం వేస్తూ నిచ్చెన మీంచి పడ్డాడని తర్వాత తేలింది.

ఆ రోజు మా సారంటే నాకు గొప్ప గౌరవం కలిగింది. అదే సారు ఆ తర్వాత కొన్నాళ్లకు, బిల్డింగు పనిలో కాలు నలిగిన ఒక కూలీ ఆమెను ఇదే పద్ధతిలో నిలదీశారు. తట్టలో ఇసుక ఎట్ల ఎత్తుతారు, సిమెంటు మాలు ఎట్ల కలుపుతారు అని ఒకదాని మీద ఒకటి వేశారు. ఎదురుగా మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. ఆమె నోరు పెగల్లేదు. పని తెలియదు కాబట్టి కూలీ కాదని సారు కేసు కొట్టేశారు. ఆమె అరచేతులు నేను చూశాను, కాయలు కాసి ఉన్నాయి. సారు చూడలేదు. అనుమానం మంచి పనిముట్టే కానీ, అది చప్పున ఎవరి మీద పడుతుందంటే తిరిగి మాట్లాడలేని వాళ్ల మీదే. ఈ మాట మాత్రం రాసుకోండి.

సత్తయ్య చేయి

ఇక నేను చెప్పాలనుకున్న కేసు. అబిడ్స్ వెనక సందుల్లో ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఉండేది. పెండ్లి కార్డులు, బిల్లు బుక్కులు, క్యాలెండర్లు. పనివాళ్లు తక్కువ కాబట్టి ఈఎస్‌ఐ బీమా వర్తించదు, కేసు మా దగ్గరకే వస్తుంది. యజమాని పేరు రాయను. పనివాళ్లు సేటు అనేవాళ్లు, నేనూ అదే అంటాను.

సత్తయ్య జనగామ వైపు నుంచి వచ్చిన మనిషి. ఉన్న కాస్త భూమి వదిలేసి పట్నం వచ్చి, ఆ ప్రెస్సులో కాగితం కోసే మెషిన్ మీద కుదిరాడు. ముహూర్తాల రోజుల్లో, పెండ్లి కార్డుల పని మీద పడి ఉండగా, బ్లేడు దిగి ఎడమ చేతి వేళ్లు పోయాయి. బొటనవేలు ఒక్కటి మిగిలింది.

సేటు మొదట సత్తయ్య తన పనివాడే కాదన్నాడు. ఆ మాట నిలబడలేదు. తర్వాత అసలు వాదన తీశాడు. ఆ మెషిన్‌కు రెండు బటన్లు ఉంటాయి, ఒకటి కుడి వైపు, ఒకటి ఎడమ వైపు. రెండు చేతులతో రెండింటినీ ఒకేసారి నొక్కితేనే బ్లేడు దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే బ్లేడు కింద చేయి ఉండే వీలే లేదు. "గా పొద్దు వీడు తాగొచ్చి ఒక బటన్‌ను నొక్కి తాడుతో కట్టేసిండు సార్. ఒంటి చేత్తోటి కోస్తుంటే తెగింది. మా దగ్గర ఎవ్వరూ అట్ల చెయ్యరు" అన్నాడు.

చట్టం తెలిసినవాడెవడో నేర్పిన మాట అది. మనిషి తాగి ఉండటం వల్ల దెబ్బ తగిలినా, రక్షణ కోసం పెట్టినదాన్ని కావాలని తానే తీసేసి దెబ్బ తగిలించుకున్నా, ప్రాణం పోయినప్పుడో మనిషి పూర్తిగా ఏ పనికీ రాకుండా పోయినప్పుడో తప్ప యజమాని పరిహారం ఇవ్వనక్కర్లేదు. ఆ ఒక్క మాట రుజువైతే సత్తయ్య పని అయిపోయినట్టే.

సేటు సాక్షి యాదగిరి. అదే మెషిన్ మీద సత్తయ్యతో వంతులవారీగా పనిచేసే మనిషి. ప్రమాణం చేసి, తలెత్తకుండా చెప్పాడు. "మేమందరం రెండు చేతులతోనే కోస్తం సార్. సత్తయ్య గా దినం తాగొచ్చిండు. తాడు గాయినే కట్టుకున్నడు." సత్తయ్య అతని వైపే చూస్తున్నాడు. వాళ్లిద్దరూ ఒకే టిఫిన్ డబ్బాలో తిన్న మనుషులని నాకు తర్వాత తెలిసింది.

నేను ఎవరినీ నమ్మలేదు. సత్తయ్యనూ నమ్మలేదు. అందుకే అతని భార్య లచ్చవ్వను వరండాలోకి పిలిచి అడిగాను. "మీ ఆయన తాగుతడా?"

"తాగుతడు మేడం. అబద్ధమెందుకు చెప్పాలె. కల్లు తాగుతడు, పండుగకు మందు తాగుతడు. గని గా పొద్దు తాగలే. మెషిన్ కాడికి ఎన్నడు తాగి పోలే."

నా అనుభవంలో తాగడమే తెలియదని ఒట్టు పెట్టేవాళ్ల దగ్గరే వాసన వస్తుంది. ఈమె ఒప్పుకుంది కాబట్టి మిగతాది కూడా వినాలనిపించింది. వెళ్లబోతూ ఆమె నా చేయి పట్టుకుంది. "పైసలు ఇయ్యకుంటే మాయె మేడం, నేను నాలుగిండ్లల్ల పని చేసుకుంట. తాగి చెయ్యి కోసుకున్నడని మాత్రం రాయకుండ్రి. ఊర్ల మా మామ ఇంక బతికే ఉన్నడు. అందరు గదే అంటరు."

చెప్పి వెళ్లే తనిఖీ

సత్తయ్య కేసు నాటి మా కమిషనర్ నెమ్మదస్తుడు. ఎవరినీ గద్దించరు. నాకు ఆయన మెత్తదనం నచ్చేది కాదు. ప్రెస్సుకు వెళ్లి మెషిన్ చూద్దామని ఆయనే అన్నారు. కానీ స్థల పరిశీలనకు రెండు పక్షాలకూ ముందుగా నోటీసు ఇవ్వాలి. ఫలానా రోజు వస్తున్నాం, తప్పులన్నీ దాచిపెట్టుకోండి అని చెప్పి వెళ్లడమన్నమాట.

చుట్టాలొస్తున్నారని ఇల్లు సర్దినట్టు ప్రెస్సు సర్ది పెట్టారు. గోడ మీద "రెండు చేతులూ వాడండి" అని కొత్త బోర్డు. పెయింటు వాసన ఇంకా పోలేదు. సేటు చాయ్ తెప్పించాడు. నేను తాగలేదు. ఎదుటివాడి చాయ్ తాగితే వాడి కుర్చీలో కూర్చున్నట్టే, ఇది కూడా రాసుకోండి.

మెషిన్ చుట్టూ తిరిగాను. ఎడమ బటన్ పక్కన రేకు మీద జిగురు మరక కనిపించింది. తాడు జారకుండా టేపు వేసి ఉంటారని కమిషనర్ గారి చెవిలో చెప్పాను. "ప్రెస్సులో జిగురు లేనిదెక్కడమ్మా?" అన్నారు. నిజమే, నేల మీద కూడా జిగురే. నాకు ఒళ్లు మండింది. తాడు కట్టారని నాకు తెలుసు, రుజువు లేదు. సత్తయ్య మూలన నిలబడి మెషిన్ వైపు చూడకుండా గోడ వైపు చూస్తున్నాడు.

ఇక వెళ్దామని సారు లేచారు. అప్పుడు సేటుకు ఉత్సాహం ఎక్కువైంది. "ఒక్కసారి నడిపించి చూపిస్త సార్. రెండు చేతులు లేంది బ్లేడు దిగనే దిగదు. యాదగిరీ, రా!"

యాదగిరి వచ్చాడు. కాగితాల కట్ట తీసుకుని, అంచులు తట్టి సరిచేసి, బ్లేడు కిందికి తోశాడు. ఎడమ చేయి కట్ట మీద పరిచి అదిమిపెట్టాడు. కుడి చేత్తో కుడి బటన్ నొక్కాడు.

ఏమీ కాలేదు.

మళ్లీ నొక్కాడు. బ్లేడు కదల్లేదు. ఇంకోసారి, గట్టిగా. మెషిన్ చెడిపోయిందేమోనన్నట్టు వంగి చూశాడు. ఎడమ చేయి మాత్రం కాగితం మీద నుంచి తీయలేదు. సరిగ్గా సత్తయ్య వేళ్లు తెగిన చోటే ఉంది అది.

"రెండు చేతులు రా! రెండు చేతులు!" అని సేటు అరిచాడు.

కమిషనర్ గారు చేయెత్తి అతన్ని ఆపారు. దగ్గరగా వెళ్లి, ఎప్పటి మెత్తని గొంతుతోనే అడిగారు. "యాదగిరీ, నీ ఎడమ చేయి అక్కడెందుకుంది?"

యాదగిరి తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. "అలవాటు సార్" అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"మెషిన్ మీదికి వచ్చిన కాడ్నుంచి సార్. తాడు కట్టే ఉంటుండె."

అక్కడితో కేసు తేలిపోయింది. బటన్ కట్టడం సత్తయ్య ఒక్కడి పని కాదు, పని జోరుగా సాగాలని ఆ ప్రెస్సు అంతా, సేటు కళ్లెదుటే చేసే పద్ధతి. తాగాడన్న మాటకు కూడా ఇక విలువ లేకుండా పోయింది, చెప్పింది ఆ ఇద్దరే కదా. పరిహారం కట్టమని ఉత్తర్వు వచ్చింది. లచ్చవ్వ దాన్ని నాతో మొత్తం చదివించుకుని, "తాగిండని లేదు గద?" అని అడిగింది. లేదన్నాను. కొంగుతో మొహం తుడుచుకుంది. సేటు ఊరికే కట్టలేదు. కట్టేదాకా నేనూ వదల్లేదు.

ఆ తర్వాత శిక్షణ తరగతుల్లో నేను చెప్పే పాఠం ఇదే అయింది. నోరు అబద్ధమాడుతుంది, చేయి ఆడదు. సాక్షి మాటలు వినకండి, అలవాట్లు చూడండి. పిల్లలు శ్రద్ధగా రాసుకునేవాళ్లు. యాదగిరి నా పాఠంలో, తన చేతికే దొరికిపోయిన దొంగసాక్షి.

ఆదివారం అబిడ్స్

రిటైరయ్యాక ఆదివారాలు అబిడ్స్‌లో ఫుట్‌పాత్ పుస్తకాలు చూడటం అలవాటైంది. ధర ఎక్కువ చెబుతారని నమ్మకంగా వెళ్తాను, నిరాశపరచరు. ఈమధ్య ఒకరోజు ఒక పుస్తకాల కుప్ప దగ్గర వంగి చూస్తుంటే, "నాంపల్లి మేడమే గద?" అని వినిపించింది. పర్సు గట్టిగా పట్టుకుని తల తిప్పాను. నెరిసిన తల. ఒళ్లో చిరిగిన పాఠ్యపుస్తకం, దానికి కొత్త అట్ట అంటిస్తున్నాడు. ఎడమ అరచేత్తో కాగితం అదిమిన తీరు చూసి గుర్తుపట్టాను.

యాదగిరి. ప్రెస్సు మూతపడిందట. పాత పుస్తకాలు కొని, బైండింగ్ చేసి, ఆదివారం ఇక్కడ అమ్ముకుంటున్నాడు.

"ఆ రోజే నిన్ను పనిలోంచి తీసేసి ఉంటాడు సేటు" అన్నాను.

"ఎందుకు తీసేస్తడు మేడం? మస్తు తిట్టిండు. గాడ్ది, చెప్పింది గూడ యాదుండదా అన్నడు. మర్సిపోయినోన్ని తిడ్తరు గని నౌకరి తీసెయ్యరు గద." నవ్వాడు.

ఆ నవ్వు ఆ మాటలకు అతకలేదనిపించింది. "నిజంగా మరిచిపోయావా?"

అట్ట అంచులు మడిచాడు. "గా దినం పొద్దుగాల తాడు ఇప్పేసి, సేటు నాతోటి మల్ల మల్ల చేయించిండు మేడం. రెండు చేతులు, రెండు చేతులు అనుకుంట. చిన్నపిల్లగాడు గూడ మర్వడు."

"మరి ఆఫీసులో ప్రమాణం చేసి అట్లా ఎందుకు చెప్పావు?"

"మేముండే అర్ర గూడ సేటుదే. నోటితోటి మాట మార్చిన్ననుకో, నౌకరి పాయె, ఇల్లు పాయె. చెయ్యి మర్సి దొరికినోడు సారు అడిగితే ఇంక ఏం దాస్తడు? తిట్లతోటి పోతది."

నాకు ముందు వచ్చింది కోపం. అన్నేళ్లు పిల్లలకు నేను చెప్పిన పాఠమంతా ఈ మనిషి ఫుట్‌పాత్ మీద కూర్చుని ఊదేశాడు. తర్వాత నా అసలు బుద్ధి లేచింది. స్నేహితుడి మీద దొంగసాక్ష్యం చెప్పిన మనిషి, మనసు కుదుటపడటానికి తర్వాత అల్లుకున్న కథ కాదని ఏమిటి నమ్మకం? మర్చిపోయిన దాన్నే మంచితనంగా మార్చుకుని ఉండొచ్చు. ఒక పుస్తకం కొని, చిల్లర లెక్కచూసుకుని వచ్చేశాను.

సత్తయ్య ఇప్పుడు మా వీధి మొదట్లో లాడ్జి వాచ్‌మన్. రోజూ కుడి చేత్తో నమస్తే పెడతాడు. ఆ సాయంత్రం అతని దగ్గర ఆగి, మాటల్లో పెట్టి, యాదగిరి ఎప్పుడైనా కలిశాడా అని అడిగాను.

అతని మొహం మారిపోయింది. "గాని పేరెత్తకుండ్రి మేడం. నా డబ్బల తిని, నన్ను తాగుబోతును చేసిండు. దేవుడున్నడు గనుక గాని చెయ్యే గాన్ని పట్టిచ్చింది. రెండు మూడు సార్లు గీ రోడ్డు మీద కనవడ్డడు. నన్ను జూసి తల దించుకోని పోయిండు."

"ఏమీ చెప్పలేదా?"

"ఏం చెప్తడు? ఏ మొకం పెట్టుకోని చెప్తడు?"

నేను లాడ్జి మెట్ల మీద నిలబడిపోయాను. కథ అల్లుకున్న మనిషి దాన్ని మొట్టమొదట వినిపించాల్సింది సత్తయ్యకు. మెప్పు దొరికేది ఇక్కడే, క్షమాపణ దొరికేదీ ఇక్కడే. చెప్పుకోలేదు. దొంగసాక్షిగానే తల దించుకుని వెళ్లిపోయాడు.

ఇది రుజువు కాదు. నా దగ్గరికి కేసుగా వచ్చి ఉంటే నేనే పక్కన పెట్టేదాన్ని. సర్వీసంతా నేను రుజువు లేకుండా ఎవరి తరఫునా ఒక్క మాట చెప్పలేదు.

"సత్తయ్యా, ఆయన మర్చిపోలేదు" అన్నాను.

అర్థం కానట్టు చూశాడు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద యాదగిరి కనిపించిన సంగతి, తనిఖీ రోజు పొద్దున సేటు రెండు చేతులతో మళ్లీ మళ్లీ చేయించిన సంగతి, అర్ర సంగతి, నేను విన్నదంతా విన్నట్టుగా చెప్పాను. సత్తయ్య తన ఎడమ చేతిని జేబులోంచి తీసి కాసేపు చూసుకున్నాడు. లోపల ఎవరో గది తాళం కోసం పిలుస్తున్నారు. అతను కదల్లేదు.

"ఆదివారం అబిడ్స్‌ల గాడనే ఉంటడా మేడం?" అని అడిగాడు.